రాత్రి నాయనతో కోర్టు సినిమా చూసినా. జూరీకి పిలిస్తే మీరు పోతారా?

#1 తుంగభద్ర_గట్టు (కర్నూలు), రాత్రి 11:52

నిద్ర పట్టక రాస్తున్నా. ఇది సినిమాల విభాగంలో ఉండాలో వేరే చోట ఉండాలో మోడరేటరన్న ఇష్టం.

1957లో వచ్చిన '12 యాంగ్రీ మెన్' నాయనతో కలిసి చూసినా. నలుపు తెలుపు బొమ్మ. పాటల్లేవు, ఫైట్లు లేవు. జూరీ అంటే కేసు విని దోషా కాదా తేల్చడానికి కోర్టు పిలిపించే మామూలు మనుషులు. ఇక్కడ పన్నెండు మంది మగోళ్లు, ఉక్క, ఒకటే గది, తిరగని ఫ్యాను. తండ్రిని కత్తితో పొడిచినాడని 18 ఏండ్ల పిల్లోని మీద కేసు. పన్నెండు మందీ ఒక్క మాట మీదికి రావల్ల. దోషి అంటే కరెంటు కుర్చీ. మొదటి ఓటుకే పదకొండు చేతులు లేస్తాయి. ఒకాయన మాత్రం ఎత్తడు. వాడు నిర్దోషి అని కూడా అనడు ఆయన. 'కాసేపు మాట్లాడుకుందాం' అంటాడు, అంతే.

దాంట్లో కింది పోర్షన్ ముసలాయన ఒక సాక్షి. పైన దబ్బుమని చప్పుడైన 15 సెకన్లలో తలుపు దగ్గరికి పోయి, మెట్లమీద ఉరుకుతున్న పిల్లోన్ని చూసినానని చెప్పింటాడు. ఆ ముసలాయనకి కాలు ఈడ్చే నడక. జూరీలో ఒకాయన అదే కొలతలు వేసుకుని, అట్లే కాలీడుస్తా నడిచి చూస్తాడు. నలభై సెకన్ల పైనే పడుతుంది.

సరిగ్గా అక్కడ మా నాయన 'ఆపు' అన్నాడు. ఆపినా. మంచం మీద నుంచి లేసి, గోడ పట్టుకుని, హాలు తలుపు దాకా పోయినాడు. గడప దగ్గర నిలబడినాడు. మళ్లా వెనక్కొచ్చి కూర్చుని 'పెట్టు' అన్నాడు. నాయనకి 76. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఎందుకు నడిచినాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

నేనడిగేది ఒకటే. మన దగ్గర జూరీ ఉండి, రేపు పొద్దున మీ ఇంటికి కాయితం వస్తే పోతారా? పోయి ఒక మనిషి మీద ఓటేస్తారా?

#2 ఉగ్గాని_బజ్జీ (అనంతపురం), రాత్రి 12:10

అన్నా, మా వీధిలో చవితి చందా ఇంటికెంతో తేల్చడానికి పన్నెండు మంది కూర్చున్నారు. మూడు గుంపులై, ఆ ఏడు రెండు వినాయకుళ్లు లేచినాయి. మనోళ్ల చేతిలో ఒకని ప్రాణం పెడతారా? నేనైతే కాయితం చూసినంతలోనే బెంగళూరు బస్సెక్కేస్తా.

#3 నల్లకోటు (అనంతపురం), ఉదయం 6:35

మన దేశంలో జూరీ ఎప్పుడూ లేదని చాలామంది అనుకుంటారు. ఉండేది. అందరికీ తెలిసింది నానావతి కేసు. 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో నేవీ కమాండర్ కె.ఎం.నానావతి తన భార్య స్నేహితుడు ప్రేమ్ ఆహూజాని తుపాకితో కాల్చినాడు. తొమ్మిది మంది జూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఆ మాట ఒప్పుకోక హైకోర్టుకి పంపినాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టినారు.

ఆ కేసుతోనే జూరీ పోయిందనే మాట మాత్రం సరికాదు. అంతకుముందే, 1958లోనే, లా కమిషన్ తీసేయమని రాసింది. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వదిలించుకుంటూ వచ్చినాయి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ ఊసే లేకుండా పోయింది. పార్సీల పెళ్లి కేసుల్లో మాత్రం జడ్జికి తోడుగా కూర్చునే ఐదుగురు డెలిగేట్లని ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది.

జూరీ లేని చోట్ల అసెసర్లని ఉండేవాళ్లు. ఊళ్లో పేరున్న మనుషుల్ని తెచ్చి జడ్జి పక్కన కూర్చోబెట్టి 'మీకేమనిపిస్తోంది' అని అడిగేవాళ్లు. వాళ్ల మాటకి జడ్జి కట్టుబడాల్సిన పనిలేదు. ముహూర్తానికి పిల్లోని మేనమామని అడిగినట్టు. 1955 సవరణతో అదీ పోయింది.

#4 సీమ_చరిత్ర (కర్నూలు), ఉదయం 7:20

నల్లకోటు సర్ చెప్పినదానికి ఇంకొంచెం వెనక్కి పోతా. 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి దత్తమిచ్చినాక, 1807 దాకా మన్రో దొర ఇక్కడ కలెక్టరు. ఊరి తగాదా ఊరోళ్లే తీర్చుకోవాలనేది ఆయన పట్టు. 1816 రెగ్యులేషన్లలో పంచాయతీలకి చోటు పెట్టించినాడు. అవి ఆయన అనుకున్నంతగా నడవలేదు. 1827లో మన పత్తికొండలోనే కలరాతో పోయినాడు.

#5 రాళ్లసీమ_రైతు (కడప), ఉదయం 9:05

అందరూ పుస్తకాల మాటలు చెప్తాండారు. నేను ఉన్నమాట చెప్తా. మన సీమలో ఒక మర్డరు కేసుకి పన్నెండు మందిని ఏరినారనుకోండి. పొద్దుగూకే లోపల పన్నెండు ఇండ్లకీ మనిషి పోయింటాడు. ఒకింటికి డబ్బు మూట, ఒకింటికి పెద్దమనిషి, ఒకింటికి ఉత్త కబురు. 'మీ పిల్లోడు ప్రొద్దుటూరులో చదువుతాండాడంట కదా' అంటే చాలు. సినిమాలో ఆయప్ప ఒక్కడే చెయ్యెత్తలేదంటే, బయటికి పోయినాక ఆయన ఇంటి అడ్రసు ఎవనికీ తెలీదు కాబట్టి.

కులం సంగతి నేను రాయను. మీకే తెలుసు.

#6 నల్లకోటు (అనంతపురం), ఉదయం 9:40

రైతన్నా, మీ మాట కొట్టిపారేసేది కాదు. అయితే బెదిరింపు ఇంగ్లండు జూరీలకీ ఉండేది, అదీ సాక్షాత్తూ జడ్జి నుంచే. 1670లో లండన్‌లో విలియం పెన్, విలియం మీడ్ అని ఇద్దరి మీద కేసు. వీధిలో మతబోధ చేసినారని. జూరీ దోషులు అనలేదు. కోర్టు వాళ్లని తిండి, నీళ్లు, నిప్పు లేకుండా గదిలో పెట్టి తాళమేసింది. ఐనా మాట మార్చలేదు. జరిమానా వేసినారు. ఎడ్వర్డ్ బుషెల్ అని ఒకాయన కట్టనని జైల్లో కూర్చున్నాడు. తీర్పు నచ్చలేదని జూరీని శిక్షించకూడదని ఆ కేసులోనే తేలింది. జూరీకి ధైర్యం పుట్టుకతో రాలేదు, ఆకలికి ఓర్చుకుని సంపాదించుకున్నారు.

#7 డల్లాస్_కడపాయన, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. ఎర్రముక్కపల్లిలో పుట్టి ఇరవై ఏండ్లుగా టెక్సాస్‌లో ఉన్నా. ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోయినా.

ఇక్కడ సిటిజన్లకే జూరీ పిలుపు. గ్రీన్ కార్డోళ్లకి రాదు. అందుకే మా తెలుగోళ్లలో ఒక జోకు: సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి వచ్చినాక పాస్‌పోర్టు కంటే ముందు జూరీ కాయితం వస్తుందని. నాకు నిజంగానే రెండో ఏడే వచ్చింది. ఆఫీసులో అందరూ 'ఏదో ఒకటి చెప్పి తప్పించుకో' అన్నారు. ఎట్లాగూ నన్ను తీసుకోరులే అని పోయినా. తీసుకున్నారు.

పెద్ద కేసు కాదు. తాగి కారు నడిపినాడని ఒకాయన మీద. ఇట్లాంటి చిన్న కేసులకి ఇక్కడ ఆరుగురు చాలు, పెద్ద వాటికి పన్నెండు. ఆరుగురిదీ ఒకే మాట కావాలి. ఇంటికి పోయినాక పెండ్లాంతో కూడా కేసు మాట ఎత్తకూడదని జడ్జి చెప్పినాడు. మా ఆవిడకి అంతకంటే అనుమానం ఇంకేముంటుంది. మూడు రోజులూ 'ఏముందా కేసులో' అని సతాయించింది.

పోలీసు కెమెరాలో వీడియో చూపించినారు. మడమకి వేలు తగిలేటట్టు తొమ్మిది అడుగులు గీత మీద నడిచి, తిరిగి, మళ్లా తొమ్మిది నడవాలి. ఆయన ఐదో అడుగులో పక్కకి పడబోయినాడు. వయసు అరవై పైన. మోకాలు నొప్పి అని వీడియోలో రెండుసార్లు అన్నాడు. పోలీసాయన వినిపించుకోలేదు. ఇక్కడ పెట్టిన ముసలాయన నడక చదివి నాకు ఒళ్లు జలదరించింది.

మొదటి ఓటుకి నలుగురం దోషి, ఇద్దరు కాదు. నేను ఆ నలుగురిలో. నాకు ఆ మనిషి నచ్చలేదు. కోర్టులో చూయింగ్ గమ్ నములుతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడుకి మొదలుపెట్టినాం. నాలుగున్నరకి ముగ్గురు ముగ్గురు అయినారు. ఐదుంబావుకి నేనొక్కణ్నే మిగిలినా. ఆరుకి డే కేర్ మూస్తారు. మా పాపని తెచ్చుకోవల్ల, మా ఆవిడ ఊళ్లో లేదు. ఆ గదిలో గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

'సరే, మోకాలు కావచ్చు' అన్నా. నిర్దోషి అని రాసినాం. డే కేర్‌కి ఆరుకి నాలుగు నిమిషాలు ఉండగా చేరుకున్నా.

నిజంగా అనుమానమొచ్చి మార్చుకున్నానా, పాప కోసం మార్చుకున్నానా? తొమ్మిదేండ్లయింది, ఇప్పటికీ తెలీదు. తీర్పు సరైనదే అయ్యుండొచ్చు. నేను దానికి వచ్చిన దారి సరైనదో కాదో చెప్పలేను. సినిమాలో కూడా ఒకాయన బేస్‌బాల్ ఆటకి టైమైపోతోందని ఓటు మార్చేస్తాడు. థియేటర్లో అయితే అందరూ ఆయన్ని తిట్టుకుంటారు. నేను మాత్రం టీవీ కట్టేసి బయటికి పోయినా.

#8 ఉగ్గాని_బజ్జీ (అనంతపురం), ఉదయం 10:31

అన్నా, ఆ చూయింగ్ గమ్ ఆయన మళ్లా ఎప్పుడైనా కనపడినాడా?

#9 డల్లాస్_కడపాయన, ఉదయం 10:40

ఒకసారి వాల్‌మార్ట్‌లో. బండి తోసుకుంటా పోతున్నాడు. కుంటుతున్నాడా అని వెనక నుంచి చూసినా. బండి పట్టుకుంటే ఎవరైనా ఒకటే మాదిరి నడుస్తారు, తెలియలే.

#10 పెన్నేటి_అక్క (కడప), మధ్యాహ్నం 1:20

పొద్దున్నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని. మన దగ్గర మామూలు మనిషికి ఓటుండే కోర్టు లేదని అందరూ అనుకుంటున్నారు. ఒకటుంది. జువెనైల్ జస్టిస్ బోర్డు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరన్నా ఆడమనిషి. ముగ్గురికీ తలా ఒక ఓటు. అభిప్రాయం వేరైతే ఎక్కువ మంది మాట చెల్లుతుంది. ఎటూ తేలకపోతేనే మేజిస్ట్రేటు మాట. నేను ఒక జిల్లాలో మూడేండ్లు ఉన్నా. లా చదవలేదు. పిల్లల హాస్టళ్లలో పనిచేసిన అనుభవమే నా అర్హత.

అక్కడ బోను ఉండదు. ఎత్తు కుర్చీ ఉండదు. పిల్లోడు, మేము ఒకే మట్టంలో కూర్చుంటాం. సినిమాల్లో జడ్జి పైనుంచి కిందికి చూస్తాడు కదా, ఆ ఎత్తు ఎంత సౌకర్యమో కింద కూర్చున్నాక తెలిసింది.

చాలావరకు సెల్‌ఫోను దొంగతనాలు, బండి దొంగతనాలు, కొట్లాటలు. మందలించి, కౌన్సెలింగ్ పెట్టి పంపేవి. నిద్ర పట్టనిది వేరే ఉంటుంది. 2015 చట్టంలో, పదహారు దాటి పద్దెనిమిది నిండని పిల్లోడు ఘోరమైన నేరం చేసినాడని కేసొస్తే, ముందు బోర్డు ఒక అంచనా వేయాలి. ఆ పని చేసే శక్తి వానికి ఉందా, దాని ఫలితం వానికి అర్థమైందా, ఏ పరిస్థితిలో జరిగిందని చెప్తున్నారు అని. మూడు నెలల్లో తేల్చాలి. దాన్ని బట్టి వాన్ని పిల్లోడిగా విచారించాలా, పెద్దోడి మాదిరి విచారించడానికి పైకి పంపాలా అనేది ఉంటుంది. చేసినాడా లేదా అని కాదు మేము చూసేది. వాడు ఏమిటి అని.

అట్లాంటి కేసు ఒకటి. వివరాలు చెప్పను, చెప్పకూడదు. నేను అడుగుతున్నా, వాడు నా మొహం చూడడంలేదు. బల్ల మీద నా టిఫిన్ డబ్బా ఉంది. ఆ మూత వైపే చూస్తున్నాడు. భయమా, సిగ్గా, లెక్కలేనితనమా, ఏమీ తెలియలేదు. గంటన్నర అయినాక అర్థమైంది, వాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అప్పటిదాకా వాని 'మానసిక స్థితి' అని నేను కాయితం మీద రాసుకున్నదంతా ఆకలి.

ఆ కేసులో నాది ఒక మాట, మిగతా ఇద్దరిదీ ఒక మాట. నేను ఎటువైపో ఇక్కడ రాయను. నా మాట చెల్లలేదు. చెల్లనందుకు ఆ రాత్రి కొంచెం తేలిగ్గా అనిపించింది. అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

#11 రాళ్లసీమ_రైతు (కడప), మధ్యాహ్నం 1:48

అక్కా, దండం.

#12 తుంగభద్ర_గట్టు (కర్నూలు), రాత్రి 9:30

అందరికీ థాంక్సు. నాయన ఎందుకు నడిచినాడో ఈ పొద్దు సాయంత్రం చెప్పినాడు. ఆయన్నడిగే రాస్తున్నా. 'పేర్లు పెట్టొద్దు' అన్నాడు.

మాది పత్తికొండ పక్క పల్లె. నాయన అప్పుడు అక్కడే ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. 1988లో సంకురాత్రి అయినాక ఒక మునిమాపు, ఒక రైతు కళ్లంలో శనక్కట్టె వామికి ఎవరో నిప్పు పెట్టినారు. పక్కన కట్టేసిన జత ఎద్దుల్లో ఒకటి కాలి చచ్చింది. నాయన రచ్చకట్ట మీద కూర్చుని ఉన్నాడు. మంట లేసినప్పుడు ఆ వెలుతురులో ఒక మనిషి గట్టు దాటి పోతున్నాడు. భుజాన తువ్వాలు, ఎడమ భుజం కొంచెం కిందికి వాలిన నడక. ఆ రైతుకి, ఆ నడక మనిషికి అప్పటికే పొలంగట్టు తగాదా ఉంది. ఊరంతా తెలుసు.

నాయన కోర్టులో 'చూసినాను, ఫలానా ఆయనే' అని చెప్పినాడు. వేరే సాక్షులు లేరనే చెప్పొచ్చు. అయ్యవారు అబద్ధం చెప్పడని జడ్జి కూడా నమ్మినాడు. రెండేండ్లు పడింది. ఆయన జైల్లో ఉన్నప్పుడు ఆ ఇంటి ఎనుములు అమ్మేసినారు. బయటికొచ్చి ఇంకో పదేండ్లు బతికి పోయినాడు. నాయనతో ఎప్పుడూ గొడవ పడలేదంట. ఎదురుపడితే 'బాగుండావా అయ్యవారూ' అనేవాడంట.

నాయన మాట ఇది: 'నేను అబద్ధం చెప్పలేదు రా. ఆయనే అని నాకు గట్టిగా అనిపించింది. ఎందుకు అనిపించింది అని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.'

#13 నల్లకోటు (అనంతపురం), రాత్రి 9:55

మీ నాయనగారి మీద తప్పు వేయడానికి లేదు. ముందే తెలిసిన మనిషిని నడకను బట్టి, గొంతును బట్టి చీకట్లో గుర్తుపట్టొచ్చని కోర్టులు ఒప్పుకుంటాయి. సాక్షులు ఇంతమంది ఉండాలని చట్టంలో లేదు, నమ్మదగిన ఒక్కరు చాలు. క్రాస్‌లో, అంటే సాక్షికి ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, దూరమెంత, వెలుతురెంత, నడకను బట్టి ఎట్లా తెలుసు అని వరసపెట్టి అడగాల్సింది అవతలి ప్లీడరు. అడగలేదంటే అది ఆయన చేతకానితనం.

వృత్తిలో ఉన్నాను కాబట్టి ఒక మాట. మాకు రోజూ కనిపించేది అడ్డం తిరిగే సాక్షులే. ముప్పై ఏడేండ్ల తర్వాత తన సాక్ష్యాన్ని తనే క్రాస్ చేసుకునే సాక్షిని నేను చూడలేదు.

#14 రాళ్లసీమ_రైతు (కడప), రాత్రి 10:20

నల్లకోటు సర్, అడ్డం తిరిగినోణ్ని నేనొకణ్ని. ఎవరి కేసో, ఏ ఊరో అడగొద్దు. చూసినా. కోర్టులో చూడలేదన్నా. పొద్దున పోస్టులో రాసింది, 'మీ పిల్లోడు చదువుతాండాడంట కదా' అని, అది నాతో అన్న మాటే.

సచ్చిపోయిన పిల్లోని అమ్మ ఇప్పటికీ నా అంగడిలోనే బెల్లం కొంటాది. తూకం ఎప్పుడూ చూసుకోదు. నేనే ఒక ముక్క ఎక్కువేస్తా. ఆమె ఎప్పుడూ తీసి తిరిగిస్తాది.

#15 మోడరేటర్, రాత్రి 10:32

దయచేసి ఎవరూ కేసుల పేర్లు, ఊర్లు అడగవద్దు. థ్రెడ్ తెరిచే ఉంచుతున్నాం.

#16 ఉగ్గాని_బజ్జీ (అనంతపురం), రాత్రి 10:50

పొద్దున బెంగళూరు బస్సు అని జోకేసినా. ఇప్పుడు ఏం రాయాలో తెలియడంలేదు. గట్టన్నా, మీ నాయన అన్నం తిన్నాడా?

#17 తుంగభద్ర_గట్టు (కర్నూలు), ఆదివారం రాత్రి 10:05

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. నాయన ఊరికి పోదామన్నాడు. 'ఎందుకు నాయనా' అంటే 'దూరం చూడల్ల' అన్నాడు. ఈ పొద్దు మధ్యాహ్నం కారులో పిల్చుకుపోయినా. కోడలు ఉగ్గాని కట్టిచ్చింది, దారిలో ఆయన ముట్టలేదు.

రచ్చకట్ట అట్లే ఉంది, మీద గ్రానైట్ పలకలు వేసినారు. కళ్లం లేదు. ఆ జాగాలో మిద్దె లేసింది, ముందర నీళ్ల ట్యాంకు. గట్టు మాత్రం ఒక బారు మిగిలింది. నాయన రచ్చకట్ట మీద అప్పటి చోటే చూసుకుని కూర్చున్నాడు. పొద్దుగూకే దాకా కాచుకున్నాం. ఊళ్లోవాళ్లు పలకరిస్తా పోతున్నారు, అయ్యవారు చానా దినాలకి వచ్చినాడని.

వీధి దీపాలు వేసేముందర, మునిమాపు చీకట్లో, 'నువ్వు పోయి ఆ గట్టు మీద నుంచి దాటుకో, తువ్వాలు వేసుకుని' అన్నాడు. కారులో ఉండే తువ్వాలు భుజాన వేసుకుని పోయినా. కొలిచినా, నా అడుగుల్లో నూట ముప్పై చిల్లర. ట్యాంకు పక్క నుంచి గట్టెక్కి, అవతలికి దిగి, మళ్లా రచ్చకట్ట దగ్గరికి వచ్చినా.

'కనపడినానా?' అన్నా.

'ఎవరో పోతా కనపడినారు' అన్నాడు. 'పొమ్మనింది నేనే కాబట్టి, అది నువ్వు.'

మంట లేదు కదా నాయనా ఇప్పుడు, అప్పుడు వెలుతురు ఎక్కువుండింటాది అని చెప్పినా. తలూపినాడు. ఆ ఇంటి వైపు పోదామా అని అడిగినా, ఆయన కొడుకులున్నారు అక్కడ. ఈ పొద్దు వద్దన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దేవనకొండ దాటినాక ఉగ్గాని పొట్లం విప్పమన్నాడు. బజ్జీలు మెత్తబడినాయి. రెండు తిన్నాడు.